వడమాలపేటలో ఆగిన పిల్ల

పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం, తిరుపతిలోని మా ఇంటి పైఅంతస్తులో అద్దెకుండే దంపతులు కాఫీకి వచ్చి కూర్చున్నప్పుడు, ఆ మాటా ఈ మాటా అయ్యాక, పిల్లలకు ఇంట్లో చదివి వినిపించడానికి పాత పుస్తకాల్లో ఏవి మంచివన్న ప్రస్తావన వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పి రిటైరయినదాన్ని కనుక, అట్లాంటి మాట వస్తే ఊరికే వింటూ కూర్చోవడం నాకు చేతకాదు. ఏ పుస్తకం ఏ వయసుకు తగినదో, దేనితో మొదలుపెట్టాలో, ఏది పదేళ్ళు నిండేదాకా పిల్లల చేతికి ఇవ్వకూడదో వరసబెట్టి చెప్పుకుంటూ పోతున్నాను, ఆవిడ పాపం ఫోనులో రాసుకుంటోంది కూడా. రెండో తరగతి చదివే మా మనవరాలు నేలమీద బోర్లా పడుకుని బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. తలయినా ఎత్తకుండా అన్నది:

“మా అమ్మకి తెలుగు చదవను రాదు. బొమ్మలు చూసి కథ చెప్తాది, అంతే.”

పిల్ల వెక్కిరింపుగా అనలేదు. ఇవాళ ఆదివారం అన్నంత మామూలుగా, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. మా కోడలిది తిరుత్తణి. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబమైనా, ఆ ఊళ్ళో బడి తమిళంలో ఉండడంవల్ల చదువంతా తమిళంలోనే సాగింది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, కానీ తెలిసీ పట్టించుకోలేదు. అంతకు పదిరోజుల ముందు, పాపకు ఏ పుస్తకాలు చదివితే బాగుంటుంది అత్తా అని తను అడిగినప్పుడు, అది సలహా అడగడమనే అనుకున్నాను గాని, ఆ అడగడం వెనక ఇంకేదైనా ఉందేమోనని నాకు తోచలేదు. మరుసటిరోజే వెళ్ళి ఆరు పుస్తకాలు కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టి, రోజూ సాయంత్రం ఎంతవరకు వచ్చింది అని హోంవర్కు అడిగినట్టు అడుగుతూ వచ్చాను.

ఇప్పుడు కాఫీ గ్లాసులు తీయడానికి వచ్చిన కోడలు పిల్ల మాట విని చిన్నగా నవ్వి, గ్లాసులన్నీ పళ్ళెంలో సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు కొళాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది, నాలుగు గ్లాసులు కడగడానికి అన్ని నీళ్ళు అక్కరలేదు. వచ్చినవాళ్ళు మొహమాటపడి ఎండల సంగతి ఎత్తుకున్నారు. ఆ మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి అది నా నోటినుంచే వచ్చింది. అప్పటికి నాకు పదేళ్ళు, మేము నగరిలో ఉండేవాళ్ళం, ఆ మాట అన్నది మా నాయనను.

నా ఈడువాళ్ళలో నగరి వైపు పెరిగినవాళ్ళకు మగ్గాల చప్పుడు సంగతి నేను చెప్పనక్కరలేదు. మరమగ్గాలు ఆడే వీధిలో పుట్టినవాళ్ళకు చప్పుడంటే అదొక చప్పుడని కూడా తెలియదు, పుట్టిన దగ్గరనుంచీ చెవుల్లో అదే. ఇంటిని ఆనుకునే మగ్గాల షెడ్డు. అందులో నాలుగు మగ్గాలు. రెండింటిమీద నాయన, తక్కినవాటిమీద ఇద్దరు పనివాళ్ళు. గుమ్మం పక్కన రాట్నం ముందు కూర్చుని మా మేనత్త కండెలు చుట్టేది. ఆమె చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంటికి వచ్చి, మమ్మల్ని పెంచి పెద్దచేసిన మనిషి. మేమంతా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం, అదే మామూలు గొంతు అనుకునేవాళ్ళం. పెళ్ళయి తిరుపతికి వచ్చిన కొత్తలో, ఈ కొత్త కోడలికి ఇంట్లోవాళ్ళమీద ఎందుకింత కోపమో అని మా అత్తగారు పదిరోజులు దిగులుపడ్డారట.

అట్లాంటి ఇంట్లో కథ చదివి వినిపించడానికి కుదిరే వేళ ఒకటే ఉండేది, అది కరెంటు పోయిన వేళ. ఆ రోజుల్లో పగలు ఏదో ఒక పూట గంటో రెండు గంటలో కరెంటు పోయేది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగి వీధంతా నిశ్శబ్దమైపోతే, మొదట కాసేపు అందరికీ చెవులు గింగురుమనేవి. ఊళ్ళో పెద్దవాళ్ళు కరెంటువాళ్ళను తిట్టుకుంటూ బీడీలు ముట్టించేవారు గాని, పిల్లలం మేము మాత్రం ఎక్కడ ఆడుకుంటున్నా వదిలేసి షెడ్డుకు పరుగెత్తేవాళ్ళం. నాయన చేతులు తుడుచుకుని, మగ్గం పక్క గూట్లోనుంచి లావు పుస్తకం తీసేవాడు. ఆ పుస్తకానికి అట్టా లేదు, మొదటి పేజీలూ లేవు, కాబట్టి దాని పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు. రెండిళ్ళ అవతల ఉండే పెద్దాయన, ఒకప్పుడు బడిపంతులుగా చేసినవాడు, నాయనకు ఇచ్చింది. పనివాళ్ళు నూలు మూటలమీద చేరగిలేవారు, మేనత్త రాట్నం ఆపి కాళ్ళు చాపుకునేది, వంటింట్లోనుంచి అమ్మ కూడా వచ్చి గడప మీద కూర్చునేది.

అందులో కథలు చాలానే ఉన్నా నాకు గుర్తున్నది ఒకటే. ఒక ఊళ్ళో ఏరు ఎండిపోతే, అది రావడం ఎందుకు మానేసిందో కనుక్కుని వస్తానని, ఏరు పుట్టిన కొండను వెతుక్కుంటూ ఒంటరిగా బయలుదేరిన ఒక పిల్ల కథ. నాయన చదువుతుంటే ఆ పిల్ల మా ఊరి బస్టాండు దాటి, పుత్తూరు మీదుగా నడిచిపోయేది. ఆమె పావడ ఎప్పుడూ మా మగ్గంమీద ఆ వారం ఆడుతున్న రంగే. వడమాలపేట చేరేసరికి కాలికి ముల్లు గుచ్చుకుని రోడ్డు పక్క రాతిమీద కూర్చుంటే, ఒక అవ్వ పిలిచి సంగటిముద్ద, దాంట్లోకి చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టేది. నేను ఇదంతా నిజంగా పుస్తకంలో ఉన్నదనే నమ్మాను. ఆ రోజుల్లో తిరుపతికి బస్సులో పోతే, వడమాలపేట వచ్చేసరికి కిటికీలోనుంచి తల బయటపెట్టి ఆ రాయి ఎక్కడుందా అని వెతికేదాన్ని, కండక్టరు చేత తిట్లు కూడా తిన్నాను. నాయన నెమ్మదిగా, వేలు పెట్టి చదివేవాడు. మధ్యలో కరెంటు వస్తే పనివాళ్ళు లేవడానికి బద్ధకించి, ఇంకొక్క ముక్క చదవమని బతిమాలేవారు.

అయిదో తరగతికి వచ్చేసరికి నేను బాగా చదివే పిల్లనని పేరు తెచ్చుకున్నాను. బళ్ళో ఎవరొచ్చినా మా టీచరు నన్నే నిలబెట్టి చదివించేది, ఆ గర్వం కాస్త తలకెక్కింది. అట్లాంటి రోజుల్లో ఒకనాడు, కరెంటు పోయిన వేళ, నాతో చదివే పిల్లలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. నాయన వడమాలపేట కథ చదువుతున్నాడు. ఎప్పుడూ ఎదురుగా కూర్చునేదాన్ని, ఆ రోజు నా తోటిపిల్లల ముందు ఏదో గొప్ప చూపించుకోవాలనిపించి, నాయన వెనక్కి వెళ్ళి ఆయన భుజం మీదుగా తొంగిచూస్తూ, ఆయనకంటే ముందు వాక్యం నేను చదివేద్దామనుకున్నాను. తీరా చూస్తే తెరిచిన లావు పుస్తకంలో ఇంకొక పుస్తకం ఉంది. అరపేజీ సైజు నోటుపుస్తకం, దాన్నిండా తమిళ అక్షరాలు. నాయన వేలు నడుస్తున్నది వాటి మీద.

“మా నాయనకు తెలుగు సదవను రాదు. అరవంలో రాసుకోని సదవతా ఉండాడు” అన్నాను. అందరికీ వినపడేట్టు, మా ఇంటి గొంతుతో అన్నాను. మగ్గాలు ఆడుతున్నా వినపడేంత గొంతు అది, అప్పుడేమో ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు.

నా తోటిపిల్లలు కిసుక్కుమన్నారు. మేనత్త నన్ను కొట్టడానికి లేచింది. నాయన చెయ్యి అడ్డంపెట్టి ఆపి, నోటుపుస్తకం మూసి చొక్కా లోపల పెట్టుకుని, లావు పుస్తకం నా చేతికి ఇచ్చాడు. “బిడ్డ నిజమే సెప్పింది. ఇంక నువ్వే సదువు మ్మా, నాకన్నా బాగా సదవతావు” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఆ ముఖంలో ఏమున్నదో చూసే తెలివి నాకు లేదు. నాకు బహుమతి వచ్చినట్టు ఉండింది.

మరునాటినుంచి నేనే చదివాను. ఆ ముక్క మొదటినుంచి, ఒక్క అక్షరం పోకుండా, గడగడా చదివాను. ఒకానొక గ్రామమున ఒక వృద్ధురాలు ఆ బాలికకు భోజనమిడెను అని చదవగానే, పనివాళ్ళలో పెద్దవాడు, ఏ ఊరు మ్మా అది అని అడిగాడు. పుస్తకంలో లేదన్నాను. మీ నాయన వడమాలపేట అన్న్యాడే అంటే, పుస్తకంలో అట్లా లేదు అని గట్టిగా చెప్పాను. సంగటి లేదు, ఊరిబిండి లేదు, ముల్లు గుచ్చుకోనేలేదు, పావడ ఊసే లేదు. లేనివన్నీ తీసేసి ఉన్నది ఉన్నట్టు చదవడమే సరైన చదువని నాకు గట్టి నమ్మకం. వారం తిరక్కుండానే పనివాళ్ళు కరెంటు పోతే బయటికి టీకి పోవడం మొదలుపెట్టారు. అమ్మకు వంటింట్లో పని తగిలేది. చివరిదాకా మిగిలింది నాయన ఒక్కడే, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆఖరి కథ అయ్యేదాకా విన్నాడు. ఆ తర్వాత ఆయన ఏ పుస్తకమూ పట్టుకోగా నేను చూడలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకు, చివరిరోజుల్లో మా ఇంటికి వచ్చి ఉన్న మేనత్త, తువ్వాలులో చుట్టిన ఆ నోటుపుస్తకం నా చేతిలో పెట్టి అసలు సంగతి చెప్పింది. “నీకేమి తెలుసు మ్మా. మీ నాయన సదివింది అరవ బడిలో. దినామూ తెల్లారతానే ఆ లావు పుస్తకం ఎత్తుకోని పెద్దాయన ఇంటికాడికి పోతా ఉన్నాడు. ఆయన సదవతా ఉంటే ఈయన రాసుకోని వచ్చి, ఆమీట మగ్గం కాడికి పోతా ఉన్నాడు. అక్షరాలు నేర్చుకోని సదవల్లంటే అంతలోకి బిడ్డలు పెద్దోళ్ళు అయిపోతారు అన్న్యాడు” అంది. మరి ఆ లావు పుస్తకం ఎందుకు పట్టుకునేవాడని అడిగాను. “నాయన పుస్తకం పట్టుకోని ఉండేది బిడ్డలు సూడల్ల అని” అంది మేనత్త. పెద్దాయన చదివింది చదివినట్టు కాక తనకు తోచిన ఊళ్ళు, తిండ్లు, రంగులు కలిపి రాసేవాడట, అది విని పెద్దాయన నవ్వి, నీ కథే బాగుందప్పా అనేవాడట.

నేను తెలుగు టీచరునయ్యాను. పెద్ద పెద్ద సభల్లో కాకపోయినా, బడి వార్షికోత్సవాల్లోనూ తల్లిదండ్రుల మీటింగుల్లోనూ, ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండని ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. ఇంకొక్కసారి చదువు నాయనా అని ఆయనను మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తెలిసే నాటికి ఆయన లేడు. ఆ నోటుపుస్తకాన్ని తువ్వాలుతో సహా అటక ఎక్కించి పన్నెండేళ్ళు దానివంక చూడలేదు. తమిళం మాట్లాడటం వచ్చుగాని చదవడం రాదని నాకు నేను సాకు చెప్పుకున్నాను గాని, అసలు భయం అక్షరాలంటే కాదు.

ఆ ఆదివారం వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టాను. మా అబ్బాయి సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని, వారానికి ఒక్కరోజు ఇంట్లో ఉంటాడు, ఆ వేళకు వాడు తిరుగు రైలు కోసం స్టేషనుకు బయలుదేరిపోయాడు కాబట్టి పడతావమ్మా దిగమని అరిచేవాళ్ళు లేరు. తువ్వాలు విప్పి దుమ్ము దులిపి, మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. కొత్త పుస్తకాలు ఆరింటినీ పక్కకు నెట్టి, ఈ ఇంట్లో జేజికి, అంటే నాకే, చదవను రాని పుస్తకం ఒకటి ఉందనీ, అది మీ అమ్మకు మాత్రమే వచ్చుననీ చెప్పాను. జేజికి చదవను రాని పుస్తకమా అని పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని తల్లిని పిలుచుకురావడానికి పరుగెత్తింది.

కోడలు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఇంకా నా ముఖం చూడకుండానే పుస్తకం అందుకుంది. నడుమ ఎక్కడో తెరిచి నాలుగు లైన్లు పెదవులతోనే చదువుకుని, ఒక్కసారిగా తలెత్తింది. “ఇది తెలుగు గదా అత్తా, అక్షరాలే అరవం. మా తాత కూడా జాబులు ఇట్లే రాస్తా ఉండె” అంది. ఇది మా నాయన రాసింది, బయటికి చదువు అన్నాను. ఆమె నేలమీద కూర్చుని, వేలు పెట్టి, నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.

“పిల్లకు ఆకలి అయిపోయింది. ఆడ ఒక అవ్వ ఉండాది. యాడికి పోతావు మ్మా ఒంటిగా, రా, ఒక ముద్ద తిని పో అనింది.”

నాయన మాట్లాడినది మాట్లాడినట్టు రాసుకున్నాడు. ఆ అక్షరాలకు నా చదువు అడ్డం రాలేదు కాబట్టి అవి యాభై ఏళ్ళకు పైగా అట్లాగే ఉన్నాయి. కోడలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఒక్కో మాట ఏమిటో చూసి సరిచేసుకుని మళ్ళీ అంటోంది, అచ్చం ఆయన అట్లాగే చదివేవాడు. మనవరాలు రంగు పెన్సిల్ పక్కన పెట్టి తల్లి మోకాలికి ఆనుకుని వింటోంది. వడమాలపేట అంటే మొన్న మనం బస్సులో పోయిన ఊరేనా అని ఒకసారి అడిగింది. నేను పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మర్నాడు మొదటినుంచి ఎత్తుకుని వారం రోజులు చదివితే పుస్తకం సగంలో అయిపోయింది. ఇంక ఆ అవ్వ పిల్లతో ఏం సెప్పిందంటే అన్నచోట నోటుపుస్తకం ఆగింది, ఆ కింద అన్నీ తెల్లకాగితాలే. నేను భుజం మీదుగా తొంగిచూసిన రోజు ఆయన చదువుతున్నది ఆ ముక్కే. ఆ తర్వాత పెద్దాయన ఇంటికి వెళ్ళలేదన్నమాట. ఏం చెప్పింది జేజీ అని పిల్ల నా గడ్డం పట్టుకుని అడిగింది. అచ్చులో అవ్వ ఏం చెప్పిందో నాకు కంఠతా వచ్చు, కానీ నాయన చేతిలో ఆ అవ్వ ఏం చెప్పి ఉండేదో నాకు ఇంక ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. పిల్ల బడి వ్యానెక్కి పోగానే, పెళ్ళయినప్పుడు నగరినుంచి నాతో తెచ్చుకున్న అట్టలేని ఆ లావు పుస్తకం తీసి నేను చదువుతాను, కోడలు ఎదురుగా కూర్చుని ఆ తెల్లకాగితాల్లో తమిళ అక్షరాల్లో రాసుకుంటుంది, సాయంత్రం కూతురికి చదివి వినిపిస్తుంది. మొదటిరోజే, అవ్వ చెప్పిన మాటలు అయ్యాక, మళ్ళీ ఒకానొక గ్రామమున అని నేను చదవగానే కలం ఆపి, ఏ ఊరని రాసేది అత్తా అని అడిగింది. పుస్తకంలో లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, నీ ఇష్టం అన్నాను. ఆమె ఏదో రాసుకుంది. ఆ సాయంత్రం చదివితే తెలిసింది, కొండవైపు పోవలసిన పిల్ల వెనక్కి తిరిగి తిరుత్తణిలో మా వియ్యంకుల వీధికి వెళ్ళి, మునగాకు దోసె తిని కూర్చుంది. దారి తప్పిందని నాకు తెలుసు, మనవరాలికీ తెలుసు, ఎవరమూ ఏమీ అనలేదు.

మా కాలంలో ఊరంతటికీ ఒక పుస్తకం, దానికీ అట్ట లేదు. ఇప్పుడు అంగడినిండా పుస్తకాలే, చదివి వినిపించడానికి ఫోనులో గొంతులు కూడా ఉన్నాయట. కరెంటు పోవడమే తక్కువ, పోయినా ఇన్వర్టరు ఉంది, ఏ యంత్రమూ తనంతట తాను ఆగి మనుషులను ఒకచోట కూర్చోబెట్టే రోజులు పోయాయి. ఈ సంగతి నేను చెప్పగా విని, మా మనవరాలు సాయంత్రం ఆరున్నర కాగానే వెళ్ళి టీవీ కట్టేసి, కరెంటు పోయింది రండి అని అందరినీ పిలుస్తుంది. పైఅంతస్తు ఆవిడ కూడా దిగి వస్తోంది. కోడలు గోడకు చేరగిలబడి నోటుపుస్తకం తెరుస్తుంది. నేను ఆమె వెనకవైపుకు పోను, ఎంత మోకాళ్ళ నొప్పిగా ఉన్నా కుర్చీ జరుపుకుని ఎదురుగానే కూర్చుంటాను.